పాత స్పీకర్లను తూకానికి వేయమనే సందేశంలో తప్పులు

“పదిహేనేళ్లు దాటిన స్పీకర్లలో అయస్కాంతం బలం చచ్చిపోతుంది. 8 ఓమ్‌ల స్పీకరుకు మీటరు 8 చూపించకపోతే కాయిల్ (కోన్ వెనుక ఉండే సన్నని తీగచుట్ట) కాలిపోయినట్టే. పై స్థాయి స్వరాలు మోగకపోతే ట్వీటర్ (ఆ స్వరాలు పలికే చిన్న స్పీకరు) పోయినట్టే. చిరిగిన అంచును ఇంట్లో బాగుచేయలేరు. పాత సామానుకు వేసేయండి.” వాట్సాప్‌లో చేతులు మారుతున్న ఒక సందేశం సారం ఇది. వరంగల్ కాశీబుగ్గలో ఉండే మా మేనమామ దీన్ని నమ్మి తన జత స్పీకర్లను గుమ్మం బయట పెట్టేశారు. ఆయన నాకు ఫోను చేయడం మంచిదైంది.

ముందు అయస్కాంతం సంగతి. స్పీకరు వెనుక నల్లగా, పెంకులా కనిపించే వలయం ఎక్కువగా ఫెర్రైట్ అనే రకం అయస్కాంతమే. దశాబ్దాలు గడిచినా దాని బలంలో చెవికి తెలిసేంత తేడా రాదు. ఆ గుణం పూర్తిగా పోవాలంటే సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి. వరంగల్‌లో రోహిణి కార్తె ఎండ ఎంత మండినా 50 దాటదు. ఇంకా పాత తరం స్పీకర్లలో ఉండే ఆల్నికో అయస్కాంతం మాత్రం గట్టి దెబ్బ తగిలితే కొంత బలహీనపడుతుంది. అదీ దెబ్బ వల్లే, వయసు వల్ల కాదు.

మరి చెడేది ఏది? కోన్, అంటే మోగేటప్పుడు ముందుకూ వెనక్కూ కదిలే గరాటు లాంటి భాగం, దాని చుట్టూ ఉండే ఫోమ్ అంచు. అది పాలీయురేథేన్. గాలిలోని తేమ, వేడి కలిసి దాన్ని లోలోపల విరిచేస్తాయి. పెట్టె మూతవేసి దాచినా పదిహేను, ఇరవై ఏళ్లలో చివికిపోతుంది. మామయ్య స్పీకరు అంచుకు వేలు ఆనించగానే తడిసిన బెల్లంలా అంటుకుని, ముక్క ముక్కగా రాలింది. కోన్ మాత్రం చెక్కుచెదరలేదు. రబ్బరు అంచు, గుడ్డ అంచు ఉన్నవి ఇంతకంటే ఎంతో కాలం నిలుస్తాయి.

ఇక మీటరు మాట. ఇదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది, ఎందుకంటే దీనివల్లే మంచి స్పీకర్లు చెత్తలో పడుతున్నాయి. 8 ఓమ్‌లు అనేది పాట మోగేటప్పుడు, అంటే ఏసీ కరెంటుకు, కాయిల్ చూపే నిరోధానికి పెట్టిన పేరు. మల్టీమీటరు కొలిచేది డీసీకి, అంటే ఒకే దిశలో పారే కరెంటుకు, ఉండే నిరోధం. అందుకే 8 ఓమ్‌ల స్పీకరుకు మీటరు 6, 7 మధ్య చూపడమే ఆరోగ్య లక్షణం. మామయ్య స్పీకర్లలో ఒకటి 6.4 చూపింది. రెండోదానికి అంకె కదలనే లేదు. కాయిల్ తెగిందనుకుని ఆయన నిట్టూర్చారు. టెర్మినల్ నుంచి కోన్‌కు వెళ్లే అల్లిక తీగను మెల్లగా లాగి చూశాను. టెర్మినల్ దగ్గరే అతుకు ఊడింది. సోల్డరింగ్ చేయగానే అంకె 6.5కు వచ్చి నిలిచింది.

పై స్థాయి స్వరాలు మోగకపోవడానికి ట్వీటర్ కారణం కాకపోవచ్చు. క్రాసోవర్‌లోని (స్వరాలను పెద్ద స్పీకరుకూ ట్వీటర్‌కూ పంచే సర్క్యూట్) ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల ద్రవం ఆరిపోయినా అంతే. అదే మైక్రోఫారడ్ విలువలో నాన్‌పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) రకం కొత్తది వేస్తే సరిపోతుంది.

చివికిన ఫోమ్ మీద జిగురు పూస్తే నిలవదన్నది నిజమే. కానీ దానర్థం ఇంట్లో పని కాదని కాదు. కోన్ కొలతకూ చట్రం కొలతకూ సరిపోయే కొత్త ఫోమ్ రింగు తెచ్చుకోవాలి. పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి ఓపికగా గీకాలి. మేము మధ్యలోని టోపీని బ్లేడుతో కోసి తీశాం. పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నని పట్టీలుగా కత్తిరించి, కాయిల్‌కూ లోపలి ఇనుప స్తంభానికీ నడుమ చుట్టూ దోపాం. అక్కడి ఖాళీ మిల్లీమీటరులో కొంత భాగమే, కాయిల్ కాస్త పక్కకు జరిగినా గరగరమంటుంది. ఆరాక గట్టిపడిపోయే తక్షణ జిగురు వాడకూడదు, సాగే గుణం ఉన్నదే వాడాలి. ఒక రోజు ఆరనిచ్చి పట్టీలు తీశాం. కోన్‌ను వేళ్లతో సమంగా నొక్కితే ఎక్కడా గీరుకున్న చప్పుడు రాలేదు. టోపీ మళ్లీ అతికించి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను స్పీకరు ప్లస్‌కు క్షణం తాకిస్తే రెండు కోన్‌లూ ముందుకే కదిలాయి, అంటే ప్లస్, మైనస్ తారుమారు కాలేదు.

మామయ్య స్పీకర్లు రెండూ ఇప్పుడు ముందుగదిలో మోగుతున్నాయి. కాయిల్ నిజంగానే కాలి తెగినదైతే మాత్రం చేయి తిరిగిన పనివారి దగ్గరకు తీసుకెళ్లాల్సిందే. కొత్త కాయిల్, కోన్ అమర్చే పనికి నేను కూడా చేయి పెట్టను.