క్రోషే సూది నంబరు గారికి, నెల్లూరు నుంచి

నంబరు గారూ,

తమరు క్షేమమే అనుకుంటాను, పాడయ్యేది ఎప్పుడూ మా ఊలే కదా. నెల్లూరు ఎండల్లో ఊలేందని నవ్వబాకండి. మా వీధిలో సగం ఇళ్ల మనవళ్లు అమెరికాలోనే ఉన్నారు, వాళ్ల అమ్మమ్మలు ఫ్యాను కింద చెమట తుడుచుకుంటా స్వెటర్లు అల్లుతున్నారు.

గాజుల షాపుకెళ్లి రెండు-నాలుగు ఇమ్మంటే రెండంగుళాల పైన పదహారింట నాలుగు, రెండు-ఆరంటే దానికంటే పెద్దది. బడి మొహం చూడని అవ్వ కూడా టక్కున చెప్తుంది. మరి తమరికి ఏమొచ్చింది? అమెరికాలో అల్లిక సూది నంబరు పెరిగే కొద్దీ లావవుతుంది, పాత ఇంగ్లండు లెక్కలో పెరిగే కొద్దీ సన్నబడుతుంది. అమెరికా 6 అంటే 4 మిల్లీమీటర్లు, అదే ఇంగ్లండులో 8. పోనీ అమెరికా 8 చూద్దామంటే అది 5 మిల్లీమీటర్లు, ఇంగ్లండులో దాన్నే 6 అంటారు! పంతం పట్టి తిప్పి రాసుకున్నట్టు లేదూ? ఇద్దరూ రాజీపడింది 7 దగ్గర, అక్కడ ఎవరి లెక్కయినా నాలుగున్నరే.

పక్కింటి వదిన కోడలు పంపిన అమెరికా డిజైను చూసి పది నంబరు సూదులు కొనుక్కొచ్చింది. షాపులో ఇచ్చింది పాత ఇంగ్లండు పది, అంటే 3.25 మిల్లీమీటర్లు. డిజైనులో అడిగిన పది 6 మిల్లీమీటర్లు. పిల్లాడి కోసం మొదలుపెట్టిన స్వెటర్ వాడి టెడ్డీ బేర్‌కి కూడా భుజాల దగ్గర పట్టేసింది. షాపాయన్ని అడిగితే, "నంబరు నంబరేగా తల్లీ" అన్నాడు. ఆయన్నేమంటాం?

కొన వంకీ తిరిగిన క్రోషే సూదులకైతే, అదే కొక్కేలకైతే, తమరు అక్షరాలు కూడా తగిలించుకున్నారు. జి అంటే 4 మిల్లీమీటర్లు, హెచ్ అంటే 5, మధ్యలో నాలుగున్నరకి అక్షరమే లేదు, పాపం అనాథ. ఎన్ అనే అక్షరం ఒక కంపెనీ సూది మీద 9, ఇంకో కంపెనీ సూది మీద 10. ఇక లేసు దారానికి వాడే సన్నటి స్టీలు కొక్కేల దగ్గర మళ్లీ అడ్డం తిరుగుతారు, నంబరు పెరిగితే సన్నం. స్టీలు 7 దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు, అల్యూమినియం 7 నాలుగున్నర, రెండూ ఒకే డబ్బాలో పక్కపక్కన పడుంటాయి. తమరు అచ్చయి కూర్చునే చోటు చూడండి, సరిగ్గా బొటనవేలు ఆనే చదునైన ముక్క మీద. నాలుగు టోపీలు అల్లేసరికి వేలి చెమటకి అరిగి సగం మాయం. ఆరో, ఎనిమిదో, మూడో, దేవుడికే తెలియాలి.

అందుకే సూది సైజు కొలిచే చిల్లుల పలక ఒకటి కొన్నాను. కొక్కెం తలని కాదు, దాని వెనక గుండ్రటి కాడని చిల్లులో దూర్చి చూడాలి, తోయకుండా జారితే అదే సైజు. తమరికి కోపమొస్తే రానీండి, ఇకమీదట నేను మిల్లీమీటర్లతోనే మాట్లాడతాను.

ఇట్లు,
ఊలు పిప్పి చేసుకున్న ఒక నెల్లూరమ్మాయి

తా.క.: మా పెద్దమ్మ అల్లిక బిగుతు, నాది వదులు. ఒకే 4 మిల్లీమీటర్ల కొక్కెంతో అన్నే కుట్లు వేసినా నా ముక్క ఆమెదానికంటే పెద్దదొస్తుంది. ముందు పది సెంటీమీటర్ల నమూనా అల్లి కొలుచుకోమంటారు, బద్ధకించి నేనది చేయను. ఆ నింద మాత్రం తమరి మీద వేయడంలేదు.