నారింజ వెలుగు ఒక్కటే సాక్ష్యం కాదు

365 నానోమీటర్ల యూవీ దీపం కింద సీసా పెడితే లోపలి నానోస్ఫటికాల (కంటికి కనిపించనంత చిన్న స్ఫటికాల) ద్రావణం నారింజ రంగులో వెలిగిపోతుంది. ఆ ఫొటోనే పరిశోధన పేపర్లో మొదటి బొమ్మ. కింద ‘20 శాతం మాంగనీస్ డోపింగ్’ అని రాసుంటుంది. డోపింగ్ అంటే స్ఫటికంలోకి కొద్దిగా వేరే మూలకాన్ని చేర్చడం. ఆ 20 శాతం ఫ్లాస్కులో పోసిన లెక్క. స్ఫటికంలోకి చేరిన లెక్క వేరు. ఎంత చేరిందో కొలిచి చూపించని పేపర్‌ను జర్నళ్లు తిప్పి పంపాల్సిందే.

2016 నుంచి ఈ రంగాన్ని గమనిస్తున్నవారికి నేపథ్యం తెలిసిందే. పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక నిర్మాణమున్న సీసియం లెడ్ (సీసం) క్లోరైడ్ నానోస్ఫటికం తనంతట తాను 405 నానోమీటర్ల దగ్గర ఊదా వెలుగునిస్తుంది. అందులో సీసం స్థానాల్లో మాంగనీస్ కూర్చుంటే, స్ఫటికం పట్టిన శక్తి దానికి చేరి 600 నానోమీటర్లకు అటూ ఇటూగా నారింజ వెలుగుగా బయటికొస్తుంది. ఎలక్ట్రాన్ స్పిన్ (దాని తిరుగుడు దిశ లాంటి గుణం) మారితే తప్ప జరగని, అందుకే నెమ్మదిగా సాగే మార్పు కాబట్టి ఆ వెలుగు మిల్లీసెకన్ల పాటు నిలుస్తుంది. మన దేశంలోనూ పరిశోధన సంస్థలైన పుణె ఐసర్‌లో, కోల్‌కతా ఐఏసీఎస్‌లో, బెంగళూరు జేఎన్‌సీఏఎస్ఆర్‌లో దీనిమీద గట్టి పని జరిగింది.

చిక్కంతా మాంగనీస్‌ను లోపలికి పంపడంలోనే ఉంది. సీసం అయాన్ వ్యాసార్ధం 1.19 ఆంగ్‌స్ట్రామ్‌లు, మాంగనీస్‌ది 0.83. పైగా మాంగనీస్-క్లోరిన్ బంధం సీసం-క్లోరిన్ బంధం కంటే గట్టిది, అంత తేలిగ్గా విడిపోదు. ఫ్లాస్కును 150-185 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, సీసియం అందించే సీసియం ఓలియేట్‌ను ఒక్క దెబ్బతో ఎక్కించి, కొద్ది సెకన్లలోనే ఐసు నీళ్లలో ముంచుతారు. ఆ వ్యవధిలో, సీసానికి రెండు మూడు రెట్లు మాంగనీస్ పోసినా లోపలికి చేరేది చాలాసార్లు కొద్ది శాతమే. మిగిలింది ఉపరితలానికి అంటుకుంటుంది, లేదా వేరే పదార్థంగా మారుతుంది.

ఆ వేరే పదార్థం కూడా వెలుగుతుంది! తయారీలో వాడే ఓలైలమీన్ అనే సేంద్రియ ద్రవంతో కలిసి ఏర్పడే పొరల హేలైడ్లలో (క్లోరైడ్ వంటి లవణాల్లో) మాంగనీస్ ఉంటే అదీ నారింజే. నాలుగు క్లోరిన్ల మధ్య మాంగనీస్ చిక్కితే పచ్చ వెలుగు. కాబట్టి రంగు చూసి తీర్పు చెప్పకూడదు. ఎక్సైటేషన్ స్పెక్ట్రమ్ తీయాలి, అంటే ఏ తరంగదైర్ఘ్యపు కాంతి పడితే ఆ వెలుగు ఎంత వస్తుందో చూపే గీత. నారింజ వెలుగు నిజంగా పెరోవ్‌స్కైట్ ద్వారానే వస్తుంటే, ఆ గీత స్ఫటికపు శోషణ అంచునే (స్ఫటికం కాంతిని పీల్చడం మొదలయ్యే చోటునే) అనుసరించి 400 నానోమీటర్ల దగ్గర లేస్తుంది. మాంగనీస్ సొంత శిఖరాలు విడిగా కనిపిస్తే ఉప ఉత్పత్తి ఉన్నట్టే. తర్వాత ఈపీఆర్, అంటే జతలేని ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రంలో పసిగట్టే పరీక్ష. మాంగనీస్ అయాన్లు దూరదూరంగా కూర్చుంటే ఆరు గీతలు విడివిడిగా వస్తాయి, గుంపుకడితే కలిసిపోయి ఒకే వెడల్పాటి మూపురమవుతుంది. మొత్తం ఎంతుందో ఐసీపీ (నమూనాను ప్లాస్మాలోకి పంపి మూలకాలను లెక్కించే పరికరం) చెబుతుంది. కానీ ముందుగా మిథైల్ ఎసిటేట్‌తో కడగకపోతే ఉపరితలపు మాంగనీస్ కూడా లెక్కలో చేరిపోతుంది. మరీ ఎక్కువ కడిగితే స్ఫటికాన్ని కప్పి కాపాడే లిగాండ్లు ఊడి స్ఫటికాలే చెడిపోతాయి.

సీసం లేకుండా, దాని స్థానంలో రెండు లోహాలుండే డబుల్ పెరోవ్‌స్కైట్‌లో ఈ వాదన ఇంకా పదునెక్కుతుంది. 2018లో వుహాన్ పరిశోధకులు ముందుండి ‘నేచర్’లో ప్రచురించిన పనిలో, సీసియం సిల్వర్ ఇండియం క్లోరైడ్‌లో 40 శాతం వెండిని సోడియంతో మార్చి 0.04 శాతం బిస్మత్ కలిపితే క్వాంటం యీల్డ్ (పీల్చిన కాంతి కణాల్లో వెలుగుగా తిరిగొచ్చే వంతు) 86 శాతానికి చేరింది. 0.04 శాతమంటే పదిలక్షల్లో 400 పాళ్లు. ‘99 శాతం శుద్ధం’ అని చీటీ ఉన్న ఇండియం క్లోరైడ్ సీసాలో మలినాలు 10,000 పాళ్ల దాకా ఉండొచ్చు. కావాలని కలిపిన దానికి తెలియకుండా కలిసింది 25 రెట్లు! వెలుగు దేనివల్ల వచ్చిందని చెప్పగలం? తూకమూ అంతే. ఒక మిల్లీమోల్ తయారీకి కావలసిన బిస్మత్ క్లోరైడ్ 0.13 మిల్లీగ్రాములు, మామూలు అనలిటికల్ బ్యాలెన్స్‌కు అందని బరువు. 31.5 మిల్లీగ్రాములను 100 మిల్లీలీటర్ల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి 0.4 మిల్లీలీటర్లు తీసుకోవాలి. ఉత్త నీళ్లలో వేస్తే ఆక్సీక్లోరైడ్‌గా తెల్లగా విరిగి అడుగున చేరుతుంది, అప్పుడు పిపెట్‌లోకి వచ్చేది ఎంతో దేవుడికెరుక. డోపింగ్ చేయని నమూనాకు కూడా ఐసీపీ-ఎంఎస్ (అతి స్వల్ప మలినాలనూ పట్టే ఐసీపీ) తప్పనిసరి అనేది ఇందుకే.

వెలుగు బాగుండి దీపం పనిచేస్తే పరమాణువుల లెక్క ఎందుకని కొందరంటారు. తయారీ వైపు నుంచి చూస్తే అర్థం చేసుకోదగ్గ మాటే. కానీ ఎంత చేరిందో తెలియని బ్యాచ్‌ను రెండోసారి అదే రంగులో తీయలేం. అలాంటి పొడిని ఏ ఎల్ఈడీ కంపెనీ కొంటుంది?

విద్యార్థులను తిట్టి లాభం లేదు. కొలవమంటే వాళ్లు ఎక్కడ కొలవాలి? ఐసీపీ ప్లాస్మాకు నిమిషానికి సుమారు 15 లీటర్ల ఆర్గాన్ కావాలి. ఏడు ఘనమీటర్ల సిలిండర్ ఎనిమిది గంటలైనా రాదు. మన గ్రాంట్లలో పరికరం కొనడానికి కోట్లు దొరుకుతాయి, సిలిండర్ నింపడానికి వేలు దొరకవు. అందుకే రాష్ట్ర విశ్వవిద్యాలయాల పిల్లలు చిటికెడు పొడిని కవర్లో పెట్టి ఐఐటీ బొంబాయిలోని సైఫ్ లాంటి, బయటివారి నమూనాలనూ పరీక్షించే పరికరాల కేంద్రాలకు పంపి ఫలితం కోసం ఎదురుచూస్తారు. ఈలోగా పేపర్ గడువు ముంచుకొస్తుంది, ఫొటో ఒక్కటే మిగులుతుంది. ఆర్గాన్, ప్రామాణిక ద్రావణాలు, ఆపరేటర్ జీతం. ఈ మూడింటికీ ఐదేళ్లకు సరిపడా డబ్బు పరికరం మంజూరు ఉత్తర్వులోనే రాయాలి. రాయని చోట పరికరమే మంజూరు చేయొద్దు.