ఒకరికి అచ్చుయంత్రం, ఇంకొకరికి సెన్సార్

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఇంగ్లీషు కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ పేరెత్తితే చాలు, ఎడిన్‌బరోలోని క్రెయిగ్‌లాకార్ట్ ఆసుపత్రి కథ మొదలవుతుంది. యుద్ధంలో మనసు చెదిరిన రోగులే 'ది హైడ్రా' అనే పత్రిక నడపడం, 1917లో కొన్ని సంచికలకు ఓవెన్ ఎడిటర్ కావడం, సాటి రోగి, కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్ కవితను అందులో వేయడం మనం చాలాసార్లు విన్నవే. రాయడం కూడా వైద్యమే అనే మాటతో ఆ కథ ముగుస్తుంది. నాకైతే అందులో వైద్యం కంటే హోదా ఎక్కువ కనిపిస్తుంది. క్రెయిగ్‌లాకార్ట్ ఆఫీసర్ల ఆసుపత్రి. మామూలు సిపాయికి అక్కడ మంచం లేదు.

మామూలు సైనికులకూ పత్రికలు ఉండేవి కదా అంటారు. ఉండేవి. లండన్ వాండ్స్‌వర్త్‌లోని ఆసుపత్రి పత్రిక 'గెజెట్'కు వార్డ్ మ్యూర్ అనే ఆర్డర్లీయే, అంటే వార్డుల్లో పనిచేసే మామూలు సైనికుడే, ఎడిటర్. కానీ ఆ ఆర్డర్లీల్లో పేరున్న చిత్రకారులు, రచయితలు ఉన్నారు. కలం పట్టడం వాళ్లకు కొత్త కాదు.

అదే యుద్ధం, అదే దేశం. బ్రైటన్‌లో ఒకప్పటి రాజభవనాన్ని 1914 చివర్లో గాయపడ్డ ఇండియన్ సిపాయిలకు ఆసుపత్రిగా మార్చారు. కులమతాల పట్టింపుల కోసం తొమ్మిది వంటశాలలు పెట్టారు. షాండిలియర్ల కింద మంచాలు వేసి, ఫొటోలు తీసి లోకమంతా ప్రచారం చేసుకున్నారు. వాళ్లు చదవడానికి సర్కారు 'అఖ్బార్-ఎ-జంగ్' అనే యుద్ధవార్తల పత్రిక పంచింది. వాళ్లు ఇంటికి రాసిన ఉత్తరాలను మాత్రం సెన్సార్, అంటే ఉత్తరాలు తనిఖీ చేసే సర్కారు అధికారి, చదివాడు.

అయినా వాళ్లు ఊరుకున్నారా! ఇండియన్ సిపాయిలను నల్ల మిరియాలని, తెల్లవాళ్లను ఎర్ర మిర్చి అని పిలుస్తూ, ఏ సరుకు ఎంత ఖర్చవుతోందో ఇంటికి రాశారు. మనుషుల్ని వంటింటి దినుసుల్లా వాడేస్తున్నారని ఇంతకంటే సూటిగా ఏ కవి చెప్పాడు? ఆ పోలికను సెన్సార్ ఇట్టే పట్టేశాడు. ఈ ఉత్తరాలకు అతనే మొదటి పాఠకుడు, ఒక రకంగా ఎడిటర్ కూడా. ఇవాళ మనం చదువుతున్నవి చాలావరకు తన రిపోర్టుల కోసం అతను ఇంగ్లీషులో దాచిన ముక్కలే. సిపాయి తన భాషలో రాసిన వాక్యం పోయింది.

మరి మన సంగతి? మిలిటరీ మాధవరం అని పిలుచుకునే పశ్చిమ గోదావరి ఊరి నుంచి కూడా ఆ యుద్ధానికి మనుషులు వెళ్లారు. వాళ్లు ఇంటికి ఏం రాశారో మనలో ఎంతమందికి తెలుసు? మనకు సైనికుడంటే స్తూపం, దండ, ఆగస్టు 15న ఉపన్యాసం. ట్రంకుపెట్టెలో పాత ఉత్తరాలు బయటపడితే చిత్తుకాగితాలవాడికి కిలోల లెక్కన వేసేస్తాం. ఓవెన్ మీద సెమినార్లు పెట్టే మన ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్లు ఒక్క సెమిస్టర్ పిల్లల్ని తాడేపల్లిగూడెం బస్సెక్కించి, మాధవరంలో ఇల్లిల్లూ తిప్పి అడిగించకూడదా? బస్సు ఛార్జీ సెమినార్ భోజనాల ఖర్చులో పదో వంతు కూడా కాదు.