పరీక్ష రాయాలంటే బడికి తాళం వేయాలా?

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఓపెన్ యూనివర్సిటీ) 1982లో హైదరాబాదులోనే మొదలైంది. నేటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) వచ్చింది ఆ తర్వాత మూడేళ్లకు. ఉద్యోగం వదలకుండా డిగ్రీ చదివే దారి మనకు అంత ముందుగా దొరికింది. అయినా దూరవిద్యలో చేరిన టీచరు నేటికీ ఆ చదువును చాటుమాటు వ్యవహారంలా నెట్టుకురావలసి వస్తోంది.

మధ్యలో ఆపేసినవారిని పట్టుదల లేనివారని తేల్చేయడం అన్యాయం. విశ్వవిద్యాలయం సీటు ఇస్తోంది, పుస్తకాలు ఇస్తోంది. టీచరుకు తీరిక కల్పించవలసింది విద్యాశాఖ. చదువు కుంటుపడుతున్నది అక్కడే.

ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసే ఒక ఎస్జీటీ (ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు) సంగతే చూడండి. పరీక్షలు పనిదినాల్లో వస్తాయి. ఆమె సెలవు పెడితే బడి మూతపడుతుంది. పక్క ఊరి బడి నుంచి ఒకరిని సర్దుబాటు చేయమని మండల విద్యాధికారిని (ఎంఈఓ) అడగాలి. అక్కడా ఉన్నది ఇద్దరే అయితే అడగడానికే మనసొప్పదు. చివరికి రెండు పేపర్లు రాసి, మిగిలినవి వచ్చే ఏడాదికి వదిలేస్తుంది. అలా వదిలిన పేపర్లు పేరుకుపోయి, గడువు కాస్తా దాటిపోతుంది. ఇంటికొచ్చాక వంట, పిల్లలు, పెద్దల బాధ్యత ఎలాగూ తప్పవు. అసైన్‌మెంట్లు రాసేది అందరూ నిద్రపోయాకే.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలకు, విపత్తు సహాయానికి, ఎన్నికలకు టీచర్లను పంపవచ్చు. ఆ పనులు వచ్చినప్పుడు ఎలాగో సర్దుకునే యంత్రాంగానికి, ఏడాదికి కొద్ది రోజులు పరీక్ష రాసే టీచరు దగ్గరికి వచ్చేసరికి మనుషులు దొరకడం లేదంటే నమ్మడం కష్టం. పాఠం చెప్పే మనిషి మరింత చదువుకోవడం బడి పని కాదని ఎవరు అనగలరు?

బి.ఇడి. కష్టం వేరు. అందులో బోధనాభ్యాసం పై తరగతులతో ముడిపడినది. ప్రాథమిక పాఠశాల 5వ తరగతితో ఆగిపోతుంది. ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పే స్కూల్ అసిస్టెంటుగా పదోన్నతి కోసం బి.ఇడి.లో చేరిన ఎస్జీటీ తన బడి వదిలి ఏదైనా ఉన్నత పాఠశాలకు వెళ్లి పాఠాలు చెప్పాలి. రోజూ పాఠం చెప్పే మనిషే అభ్యాసం కోసం సెలవు వెతుక్కోవాలి.

నిజంగా తోడ్పడినవీ ఉన్నాయి. తెలుగులో పాఠ్యపుస్తకాలు, ఆదివారం తరగతులు, దగ్గరి కళాశాలలో అధ్యయన కేంద్రం. ఈ మూడూ లేకపోతే పల్లెల్లో పనిచేస్తూ పట్టా అందుకున్న ఎందరో టీచర్లు ఆ గడప తొక్కేవారే కాదు. ముఖ్యంగా తెలుగు పుస్తకం విలువ, రాత్రి పదకొండు గంటలకు అలసిన కళ్లతో అర్థశాస్త్రం చదివినవారికే తెలుస్తుంది.

ప్రభుత్వం తలచుకుంటే ఎంత పెద్ద ఎత్తున చేయగలదో 2017లో చూశాం. శిక్షణ లేని టీచర్లు 2019 మార్చి 31లోగా అర్హత పొందాలని పార్లమెంటు విద్యాహక్కు చట్టాన్ని సవరించింది. దేశమంతటా 13 లక్షలకు పైగా టీచర్లు జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యా సంస్థ (ఎన్ఐఓఎస్) ద్వారా డి.ఎల్.ఇడి. అనే ప్రాథమిక విద్య డిప్లొమాలో నమోదయ్యారు. కేంద్రం నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘స్వయం’ పోర్టల్‌లో, టీవీ చానెళ్లలో పాఠాలు వచ్చాయి. అయితే ఆ 18 నెలల డిప్లొమా రెండేళ్ల డిప్లొమాకు సమానం కాదని 2023 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017 ఆగస్టు నాటికే ఉద్యోగంలో ఉన్నవారికి ఊరట దక్కింది 2024 డిసెంబరులో. చదవమన్నదీ ప్రభుత్వమే, చదివిన పట్టా చెల్లుతుందో లేదో తెలియని స్థితిలోకి నెట్టిందీ ప్రభుత్వ వ్యవస్థే. ఆ ఏళ్లలో వాళ్లు పడిన ఆందోళనను చూసినవారు మరో కోర్సులో చేరడానికి వెనకాడితే తప్పు పట్టలేం.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పరీక్షల తేదీలు రాగానే, ఏ బడి నుంచి ఎవరు వెళ్తున్నారో స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) స్థాయిలో జాబితా తీసి, ఆ రోజులకు మరొకరిని ముందే కేటాయించాలి. ఆ సెలవును టీచరు సొంత క్యాజువల్ లీవులోంచి కోయకూడదు. ఇక అసైన్‌మెంట్లు: పుస్తకంలోని పేరాలను తెల్లకాగితం మీదికి ఎక్కించే పని మాని, తన 3వ తరగతిలో భిన్నాలు ఎవరికి ఎందుకు అర్థం కాలేదో, తాను ఏం మార్చి చూశారో రాయమనాలి. దానికి మార్కులు వేస్తే టీచరు బడిలో గడిపే వేళే చదువుకునే వేళ కూడా అవుతుంది.