విమానం దిగితే పెళ్లి చెల్లదా?

మన ఊళ్ళల్లో ఇద్దరు మగపిల్లలు భుజాల మీద చేతులేసుకుని తిరిగితే ఎవరూ ఏమీ అనుకోరు, స్నేహం అంటే మనకి అంత ప్రాణం. అదే ఇద్దరూ మేం ఒకళ్ళంటే ఒకళ్ళం ఇష్టపడ్డాం, కలిసే బతుకుతాం అంటే మాత్రం ఇంట్లో అన్నం ముద్ద దిగదు. మన పత్రికలో ఈ సంగతి ఎవరో ఒకరు రాయాలి కదా అని రాస్తున్నా.

నా చిన్నప్పటి ఫ్రెండ్ ఒకడు న్యూజెర్సీలో తన భర్తతో ఉంటాడు. 2013 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు విండ్సర్ కేసులో తీర్పు ఇచ్చాకే ఇలాంటి జంటలకి స్పౌజ్ కింద గ్రీన్ కార్డ్ అప్లై చేసే దారి దొరికింది, 2015లో ఒబర్గెఫెల్ తీర్పుతో అన్ని రాష్ట్రాల్లోనూ పెళ్లి చెల్లింది. వీళ్ళకి ఇక్కడ టాక్స్, ఇన్సూరెన్స్, ఇంటి లోన్ అన్నీ ఇద్దరి పేరు మీదే. అలాంటిది విజయవాడ వెళ్ళినప్పుడు మావాడు డెంగ్యూతో ఐసీయూలో పడితే, సంతకానికి రక్తసంబంధీకులు ఎవరున్నారని అడిగారు. రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ వేసినవాడు, ఏ మందు పడదో తెలిసినవాడు, అతని భర్త ఆ ఫారం పట్టుకుని కారిడార్‌లో నిలబడ్డాడు, తెనాలి నుంచి మావాడి నాన్నగారు నడుంనొప్పితో కారెక్కి వచ్చేదాకా. ఆ స్టాఫ్‌ని నేనేమీ అనను, చట్టమే అలా ఉంది.

ఇలాంటి కలయిక నేరమని 1860లో తెల్లవాళ్ళు రాసిపెట్టిన సెక్షన్ 377ని 2009లో ఢిల్లీ హైకోర్టు తప్పంటే 2013లో సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది, చివరికి 2018 సెప్టెంబర్ 6న అయిదుగురు జడ్జీలూ ఒకే మాటగా, వయసొచ్చినవాళ్ళు ఇష్టపడి కలిస్తే నేరం కాదన్నారు. దాంతో కోరికకి జైలు భయం పోయింది కానీ కలిసి కాపురం చేసేవాళ్ళకి కాగితం మాత్రం రాలేదు. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టులోనే పెళ్లి సంగతి పార్లమెంటు చూసుకోవాలని తేల్చేశారు, ఆ కేసు వేసిన సుప్రియో, అభయ్ మన హైదరాబాద్ జంటే, 2021లో అయినవాళ్ళ మధ్య వేడుక కూడా చేసుకున్నారు. 2024 ఆగస్టులో కేంద్రం జాయింట్ అకౌంట్ తెరవచ్చు, నామినీగా పెట్టుకోవచ్చు అంది, సంతోషమే, కానీ బ్యాంకులో పనికొచ్చిన మనిషి ఐసీయూ గుమ్మం దగ్గర ఎందుకు పరాయివాడు అవ్వాలి?

అక్కడి చట్టం మన చేతిలో లేదు, ఇక్కడి మన తెలుగు అసోసియేషన్ మన చేతిలోనే ఉంది. మా ఫ్యామిలీ మెంబర్‌షిప్‌లో ఇప్పటికీ భార్యాభర్తలు, పిల్లలు అనే ఉంది, అందుకే వీళ్ళిద్దరూ విడివిడిగా సింగిల్ మెంబర్‌షిప్ కడతారు, ఉగాదికి పొద్దున్నే వచ్చి వేపపువ్వు దూసి పచ్చడి కలిపేదీ వాళ్ళే. మావాడి అమ్మగారు చాలా ఏళ్ళు మాట్లాడలేదు, ఇప్పుడు ఆవకాయ ఇద్దరికీ సరిపడా పంపిస్తున్నారు, అల్లం వెల్లుల్లి పడనాయనకి వేరే జాడీ కూడా. ఆవిడ మనసు మార్చుకోగా లేనిది మనం ఒక ఫారం మార్చుకోలేమా అండీ? వచ్చే జనరల్ బాడీ మీటింగ్‌లో ఆ లైన్ మార్చమని నేను ప్రతిపాదన పెడుతున్నా, చెయ్యెత్తేవాళ్ళు ముందే ఒక మాట చెప్పండి.