పేరు కాథార్లది, గోడలు రాజువి

దక్షిణ ఫ్రాన్స్‌లోని ఓద్ జిల్లాలోకి అడుగుపెట్టగానే ‘మీరు కాథార్ సీమలో ఉన్నారు’ అంటూ రోడ్డు పక్కన బోర్డులు పలకరిస్తాయి. ద్రాక్షతోటల మీదుగా తలెత్తి చూస్తే సున్నపురాతి శిఖరాల అంచున శిథిల కోటలు. పోప్‌ను ధిక్కరించిన కాథార్లు అనే క్రైస్తవ మతశాఖ చివరిదాకా తలదాచుకున్న చోట్లివి అన్న కథ వాటి చుట్టూ అల్లుకుంది. టికెట్లు అమ్ముడుపోయేదీ ఆ కథ మీదే. అయితే ఇవాళ నిలబడి ఉన్న గోడల్లో చాలా భాగం కాథార్లు కట్టినవి కావు, కాథార్ల కోసం కట్టినవీ కావు. వాళ్లను అణచివేసిన రాజ్యం కట్టుకున్నవి.

1209లో, కాథార్లను అణచమన్న పోప్ మూడో ఇన్నోసెంట్ పిలుపుతో ఉత్తర ఫ్రాన్స్ సైన్యాలు ఈ ప్రాంతం మీద పడ్డాయి. జులైలో బెజియే తగలబడింది, ఆగస్టులో కార్కసోన్ లొంగింది. 1229 ఒప్పందంతో యుద్ధం ముగిసినా కొండల్లో ప్రతిఘటన మిగిలింది. 1244లో మోంసెగ్యూర్, 1255లో కేరిబ్యూస్ చేజారాక అదీ అయిపోయింది. (మన లెక్కలో చెప్పాలంటే అది ఓరుగల్లులో గణపతిదేవుడి కాలం.) 1258లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ, అరగాన్ రాజు మొదటి జైమే కోర్బెయ్‌లో ఒప్పందం చేసుకున్నారు. దాంతో రెండు రాజ్యాల సరిహద్దు కోర్బియేర్ కొండల దక్షిణపు అంచున స్థిరపడింది. స్థానిక ప్రభువుల నుంచి లాక్కున్న కోటలను రాజు మనుషులు కొత్త పద్ధతిలో కట్టించి, ఒక్కోదాంట్లో పాతికమంది అటూ ఇటూగా సైనికులను కాపలా పెట్టారు. పేర్‌పెర్త్యూజ్, కేరిబ్యూస్, ప్విలోరాన్స్, అగిలార్, తెర్మ్ కోటలను ‘కార్కసోన్ ఐదుగురు కొడుకులు’ అంటారు. 1659లో పిరెనీస్ ఒప్పందంతో సరిహద్దు ఇంకా దక్షిణానికి జరిగింది. కాపలా కాయడానికి సరిహద్దే లేనప్పుడు కప్పు కారితే బాగుచేసేదెవరు? ఈ కోటల్లో ఎక్కువ వాటిని కూల్చింది శత్రువులు కాదు, నిర్లక్ష్యం.

యునెస్కో గుర్తింపు కోసం 2017లో ఫ్రాన్స్ తాత్కాలిక జాబితాలో చేర్చిన ప్రతిపాదన పేరు ‘కార్కసోన్ నగరం, దాని పర్వత కావలి కోటలు’. అందులో కాథార్ల ఊసే లేదు. పండితుల ముందు ఒక పేరు, పర్యాటకుల ముందు ఇంకో పేరు. దీన్ని మోసం అననక్కర్లేదు. జనం తరలిపోతున్న పల్లెలకు ఆ కథే బతుకుతెరువు అయింది. చిక్కల్లా చూసేవాళ్లకే. కాథార్ల ఆనవాళ్లు వెతుక్కుంటూ వెళ్తే ఆ కోటల్లో ఒక ప్రార్థనా మందిరం గానీ, ఒక గుర్తు గానీ దొరకదు. సరిహద్దు కోటగా చూస్తే మాత్రం ప్రతి మలుపుకీ కారణం కనిపిస్తుంది.

అందుకే మొదట చూడాల్సింది అందరూ ఎగబడే పేర్‌పెర్త్యూజ్ కాదు, త్యూషాన్ ఊరి దగ్గరున్న అగిలార్. ఎత్తు 321 మీటర్లే, ఎక్కడం తేలిక, జనం తక్కువ. ఆరు మూలల ప్రాకారానికి మూలకొకటి చొప్పున అర్ధచంద్రాకారపు బురుజులుంటాయి. వాటిలోకి వెళ్లి వెనక్కి తిరిగి చూడండి. వెనుక గోడ ఉండదు. అది కూలిపోలేదు, అసలు కట్టనేలేదు. శత్రువు బురుజును పట్టుకున్నా అక్కడ దాక్కోలేడు, లోపలి కోటలోని విలుకాళ్లకు వీపు చూపిస్తూ నిలబడాల్సిందే. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా కోటలు చదవడం తేలికవుతుంది.

గోడల్లో వరుసగా కనిపించే చదరపు కన్నాలను చాలామంది బాణాలు వేసే రంధ్రాలనుకుంటారు. అవి గోడ కట్టేటప్పుడు పరంజా దుంగలు దూర్చిన కన్నాలు. ఒకే ఎత్తులో, సమాన దూరంలో ఉంటాయి. అసలు బాణాల సందు నిలువుగా, బయటివైపు అరచేతి వెడల్పు కూడా లేకుండా ఉంటుంది. లోపలికి వచ్చేసరికి మనిషి నిలబడి అటూ ఇటూ గురిపెట్టేంతగా గోడ విచ్చుకుంటుంది.

ఇక వెతకాల్సింది నీళ్ల తొట్టి. శిఖరం మీద ఊట ఉండదు, పడ్డ వాననీటిని దాచుకోవాల్సిందే. ఈ కోటల బలహీనత గోడల్లో లేదు, ఆ తొట్టిలోనే ఉంది. 1210లో పోప్ పిలుపు మీద వచ్చిన సైన్యాల నాయకుడు సిమోన్ ద మోంఫోర్ తెర్మ్‌ను ముట్టడించినప్పుడు దాదాపు నాలుగు నెలలపాటు రాళ్లు విసిరే యంత్రాలు సాధించలేని పనిని దాహం సాధించబోయింది. తొట్లు ఎండిపోయాయి. వైన్ తాగుతూ నెట్టుకొచ్చిన లోపలివాళ్లు చివరికి లొంగిపోవడానికి ఒప్పుకున్నారు. ఆ రాత్రే భారీ వాన కురిసింది. తొట్లు నిండాయి, ఒప్పందం వద్దన్నారు. కానీ ఆ నీళ్లు చెడిపోయాయి. వాటితో పిండి కలుపుకున్నారు, వంట చేసుకున్నారు, రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. నవంబరులో ఒక రాత్రి కోట వదిలి పారిపోతూ దొరికిపోయారు. తర్వాత రాజు చేతికి వచ్చిన ఆ కోటను 1650ల్లో రాజాజ్ఞ మీదే మందుగుండు పెట్టి పేల్చేశారు. అందుకే ఐదింటిలో తెర్మ్ చూపులకు ఆనదు. కథ తెలియకుండా వెళ్తే రాళ్లగుట్ట చూసి వచ్చామనిపిస్తుంది.

కేరిబ్యూస్, పేర్‌పెర్త్యూజ్ ఒకదానికొకటి కనిపిస్తాయి. మధ్యలో క్యూక్యూన్యాన్ ఊరు. రెండూ ఒకే రోజు చూడొచ్చు, పొద్దున్నే మొదలుపెడితే. కేరిబ్యూస్ 728 మీటర్ల ఎత్తున ఉంటుంది. టికెట్ గది నుంచి పైకి పావుగంట లోపే, కానీ నిటారు మెట్లు. లోపల ఒకే స్తంభం మీద ఆనిన గోథిక్ కప్పు ఉన్న పెద్ద గది తప్పక చూడాలి. పేర్‌పెర్త్యూజ్ 800 మీటర్ల ఎత్తున, మూడువందల మీటర్ల పొడవున కొండ వెన్ను మీద సాగుతుంది. దారి ఉత్తరం వైపు చెట్లలోంచి వెళ్తుంది. పై కోట సాన్ జోర్దీకి వెళ్లే రాతిమెట్లను తొమ్మిదో లూయీ హయాంలో తొలిచారు. శతాబ్దాలుగా వేల పాదాలు తొక్కి ఆ సున్నపురాయి గాజులా నునుపెక్కింది. వాన పడ్డాక చెప్పు నిలవదు. ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడే జారుతుంది. పట్టు ఉన్న అడుగుల బూట్లు కావాలి. పిల్లలుంటే దిగేటప్పుడు పెద్దవాళ్లు ముందుండాలి. ‘త్రామోంతాన్’ అనే వాయవ్యపు గాలి ఇక్కడ మామూలు విషయం, టోపీలే కాదు, మనుషులూ తూలతారు. ఉరుముల సూచన ఉంటే కోట మూసేస్తారు. ఆ సంగతి కొండెక్కాక కాదు, బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

మోంసెగ్యూర్ పక్క జిల్లా అరియేజ్‌లో ఉంది. అన్నిటికంటే ఎక్కువ కథలు మోసేది ఇదే. 1243 మే నుంచి పది నెలలు ముట్టడి జరిగింది. 1244 మార్చి 16న మతం మార్చుకోనన్న రెండువందల మందికి పైగా మంటల్లో కాలిపోయారు. అది నిజం. అయనాంతం రోజు సూర్యకిరణాలు సందుల్లోంచి సూటిగా దూసుకెళ్తాయి కాబట్టి ఇది కాథార్ల సూర్యదేవాలయం అనే వాదన మాత్రం నిలబడదు. కనిపిస్తున్న కట్టడం 1244 తర్వాత లెవీ వంశపు ప్రభువు వేయించినది. కాథార్లు నిజంగా బతికిన చోటు చూడాలంటే కోట గోడ బయట, వాయవ్యపు వాలులో మెట్లుమెట్లుగా తవ్వకాల్లో బయటపడిన ఇళ్ల పునాదుల దగ్గరికి వెళ్లాలి. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది దాన్ని చూడకుండానే దిగిపోతారు. 1,207 మీటర్ల శిఖరం, అరగంట ఎక్కుడు.

కార్కసోన్‌ను ఆఖరికి ఉంచుకోండి. 1853 నుంచి వాస్తుశిల్పి వియొలె-ల్-ద్యూక్ చేయించిన పునరుద్ధరణ అది. బురుజుల మీది మొనదేలిన పలకరాయి కప్పులు ఈ ప్రాంతానివి కావని అప్పుడే విమర్శలొచ్చాయి. మొదటే దాన్ని చూస్తే కొండకోటలు అసంపూర్తిగా అనిపిస్తాయి. తర్వాత చూస్తే ఎక్కడ పాత రాయి ఆగి కొత్తది మొదలైందో కన్ను పట్టేస్తుంది.

కారు లేకుండా ఇవన్నీ చూడటం దాదాపు కుదరదు. పల్లె బస్సులు ఉన్నా వేళలు కలిసిరావు. పెర్పిన్యాన్ దాకా రైల్లో వచ్చి అక్కడ కారు అద్దెకు తీసుకోవడం సులువు. భారత లైసెన్సుతోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. ఆటోమేటిక్ గేర్ కార్లు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. కుడివైపు నడపడం కంటే ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. బోర్డు లేని ఊరి కూడళ్లలో కుడి సందులోంచి వచ్చే బండికే ముందు దారి ఇవ్వాలి, అది ఎంత చిన్న సందైనా సరే. ప్రమాదం జరిగితే తప్పు మీదే. పల్లె హోటళ్లలో మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు దాకానే, ఆది, సోమవారాల్లో చాలాచోట్ల అదీ ఉండదు. శాకాహారులు రొట్టె, జున్ను, పళ్లు వెంట పెట్టుకోవాల్సిందే. మనిషికి లీటరున్నర నీళ్లు తక్కువ కాకుండా చూసుకోవాలి.

వెళ్లడానికి మే, జూన్, సెప్టెంబరు మంచివి. జులై, ఆగస్టుల్లో ఎండతోపాటు మంటల భయం ఉంటుంది. 2025 ఆగస్టులో కోర్బియేర్‌లో రాజుకున్న మంట 16 వేల హెక్టార్ల వరకు కాల్చేసింది. ప్రమాదం ఎక్కువ ఉన్న రోజుల్లో కొండదారులు మూసేస్తూ ప్రిఫెక్చర్ (జిల్లా పాలనా కార్యాలయం) ఉత్తర్వులిస్తుంది. గేటు తెరిచే ఉంది కదా అని వెళ్లకుండా, ఆ రోజు మంటల ప్రమాదాన్ని చూపే పటం చూసుకునే బయల్దేరాలి.