ముల్లు సంగతి ఎవరూ అడగరేం?

నెలకి ఒకరైనా ఫోన్ చేసి అడుగుతారు, "పాటల ప్లేట్లు తిప్పే టర్న్‌టేబుల్ ఏది కొనమంటారు?" అని. బెల్టుతో తిరిగేదా, మోటారే నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవా, చెక్క రంగు బాగుంటుందా నలుపా, బ్లూటూత్ ఉందా... అన్నీ అడుగుతారు. ప్లేటు గాడిలో నడిచి పాట పలికించే ముల్లు ఏది వెయ్యాలని మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఒళ్లు మండి రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఓర్చుకోండి.

మొన్న సిరిమాను జాతరకి విజయనగరం వచ్చిన మా మేనల్లుడు సూట్‌కేసులా మడిచేసే ప్లేయరొకటి పట్టుకొచ్చాడు. ముద్దుగానే ఉంది. నిమిషానికి 33, 45, 78 చుట్లు, మూడు స్పీడులూ ఉన్నాయి కదా అని, మా నాన్న దాచుకున్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారి 78 ప్లేటు అటక మీంచి దింపి పెట్టేశాడు. ఫిడేలు బదులు మూకుట్లో పోపు చిటపటలాడినట్టు చప్పుడు. "పాతది కదా మావయ్యా, అరిగిపోయుంటుంది" అన్నాడు.

ప్లేటుకేం రోగం! 78 ప్లేటు గాడి, తర్వాత వచ్చిన 33 స్పీడు ఎల్పీ గాడికి దాదాపు మూడింతలు వెడల్పు. ఎల్పీ ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 78కి కావాల్సింది 75 దాకా. సన్న ముల్లు ఆ పెద్ద గాడిలో పడితే గోడలకి సరిగ్గా ఆనదు, అడుగున ఉన్న దుమ్ములో పొర్లుతుంది. మనకి వినపడేది ఆ పొర్లాటే. పైగా ఇలాంటి చౌక ప్లేయర్లలో చాలావాటికి ముల్లు ప్లేటు మీద మోపే బరువు 5, 6 గ్రాములుంటుంది, తగ్గించుకునే దారీ ఉండదు. ముల్లుని పట్టుకునే కార్ట్రిజ్ మామూలు మాగ్నెటిక్‌ది అయితే ఎల్పీని 2 గ్రాములతోనే పలికిస్తుంది. ఎల్పీల మీద రోజూ ఆ బరువు వేసి అరగదీసి, పాత ప్లేట్లు ఇంతేనంటారు.

ప్లేటు తీసుకెళ్లి నా దాని మీద పెట్టాను. ఆడియో టెక్నికా వీఎం95 కార్ట్రిజ్‌లో ఒక సుఖం ఉంది. కార్ట్రిజ్ కదపకుండా ముల్లు ఒక్కటే లాగి వేరేది గుచ్చుకోవచ్చు, 78 ముల్లు కూడా దొరుకుతుంది. అది గుచ్చి, చిన్న తూకం మీద 5 గ్రాములు చూసుకుని దించాను. 78 ముల్లుకి ఆ బరువు కావాలి. చిటపట వెనక్కి పోయి కమాను లాగుడు ముందుకొచ్చింది. 1936లో మా ఊరి మ్యూజిక్ కాలేజీకి ప్రిన్సిపాలైన మనిషి, ఆ కాలేజీ గోడ పక్కనుంచే ట్యూషన్‌కెళ్లిన కుర్రాడికి మొదటిసారి వినపడ్డాడు. మూడు నిమిషాల ప్లేటు, మూడుసార్లు వేయించాడు.

నేనేదో పుట్టు పండితుణ్ననుకోకండి. క్యాసెట్లు వచ్చాక మా ఊళ్లో మూడు లాంతర్ల దగ్గర ఓ మైక్‌సెట్ షాపాయన వదిలించుకున్న హెచ్.ఎం.వి. ఫియెస్టా నా మొదటి ప్లేయర్. దాంతో గోనెసంచిడు ప్లేట్లు తూకానికిచ్చాడు. శుభ్రం చేద్దామని ఓ 78 ప్లేటుని స్పిరిట్ ముంచిన దూదితో తుడిచాను. దూది నల్లగా అయింది. మురికి వదులుతోందని సంబరపడి ఇంకా గట్టిగా రుద్దాను. అది లక్క ప్లేటు, స్పిరిట్‌కి లక్క కరుగుతుందని ఎవరు చెప్పారు నాకు? పాట కూడా దూదికే అంటుకుపోయింది.

ఇంకో రకం ఉన్నారు, అమెరికా చుట్టాల చేత పాత టర్న్‌టేబుళ్లు తెప్పించుకునేవాళ్లు. నేనూ ఆ తప్పు చేశాను. 110 వోల్టులది కదా అని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. మా ఊరి ఆడపడుచు సుశీలమ్మ పాట పెడితే గొంతు జ్వరమొచ్చిన మగాడిలా వచ్చింది! ఆ పాతకాలం ఏసీ మోటారు స్పీడు వోల్టేజిని బట్టి ఉండదు, ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. అక్కడ 60 హెర్ట్జ్, మనకి 50. 33 తిరగాల్సింది 28 కూడా తిరగట్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి దించుతుంది గానీ ఫ్రీక్వెన్సీ మార్చదు. కాస్త లావు పుల్లీ తిప్పించి వేసేదాకా అది బల్ల మీద బొమ్మే. డీసీ మోటారు వాటికీ, డైరెక్ట్ డ్రైవ్‌లకీ ఈ తంటా లేదు.

బెల్టా, డైరెక్టా అని కొట్టుకునేవాళ్లకి నా దగ్గర ఓపిక లేదు. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 అంటే నాకు ప్రాణం. డీజేల మిషన్ అని తీసిపారేస్తారు గానీ, అది మొదట ఇంట్లో వినేవాళ్ల కోసం చేసిందే. దొరక్కపోతే మంచి బెల్టుది కొనుక్కోండి. ముల్లుని మోసే చేతికి వెనక బరువు తిప్పుకునే వీలుండాలి, కార్ట్రిజ్ మార్చుకోగలగాలి, ఈ రెండూ లేకపోతే ఎంత అందంగా ఉన్నా వద్దు. మిగిలిన డబ్బు ముల్లుకి పెట్టండి. పెట్టే ముందు మేస్త్రిని రసమట్టం అడిగి బల్ల చూసుకోండి. మా ఇంట్లో గచ్చు ఒక పక్కకి వాలుందని నాకు అలాగే తెలిసింది, కట్టిన ఇరవై ఏళ్లకి.

ఎల్పీల్ని వినైల్ అంటూ "వినైల్‌లో వెచ్చదనం" అనేవాళ్ల గురించి ఇంకోసారి. వాళ్లలో సగంమంది ఇళ్లలో నేను విన్నది ఎర్త్ వైరు కలపక వచ్చే గుయ్‌మనే హమ్మింగే.

మేనల్లుడు నిన్న మెసేజ్ పెట్టాడు, "మావయ్యా, ముల్లు ఎంతుంటుంది?" అని. సూట్‌కేసు మాత్రం మా ఇంట్లోనే వదిలేసి వెళ్లాడు. మా ఆవిడ అందులో కుట్టుమిషన్ దారపుండలు పెట్టుకుంటోంది.